నాలుగు కోతల గేటు

"హారన్ కొట్టడం ఆపమను వాణ్ణి! వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది," అంది అత్తగారు.

"ఆయన కొట్టట్లేదత్తయ్యా. మోచెయ్యి తగులుతోంది," అంది కోడలు.

తగలక ఏం చేస్తుంది? కొత్త ట్రక్కు ముక్కు ముంగిట్లో ఉంది, తోక వీధిలో ఉంది. మధ్యలో, సరిగ్గా రెండు గేటు స్తంభాల నడుమ, డ్రైవరు సీట్లో గీతలాయన బిగుసుకుని కూర్చున్నాడు. ఇటు తలుపు తెరిస్తే ఇటు స్తంభం, అటు తలుపు తెరిస్తే అటు స్తంభం. ముందుకు పోదామంటే వెనకున్న తొట్టి క్యాబిన్ కంటే కాస్త వెడల్పు. ఇంకో జానెడు కదిలితే గీసుకుంటుంది.

గీసుకుంటే బండి వాళ్ళదే. ఆ మాట షాపువాడు నవ్వుతూనే చెప్పి పంపాడు. "మధ్యాహ్నం దాకా వాడి చూడండి. నచ్చకపోతే తెచ్చి ఇచ్చెయ్యండి, చిన్నది చూపిస్తాను. గీత పడిందా, ఇక మాట్లాడేది లేదు, మీదే."

గీతలకే పేరు పడ్డ మనిషికి ఈ షరతు! అతను పచ్చిక కోసిన చోట చారలు స్కేలు పెట్టి గీసినట్టు పడతాయి. అందుకే ఊళ్ళో తోటలున్న వాళ్ళందరికీ అతను గీతలాయన. అసలు పేరు తపాలా తెచ్చేవాడికి కూడా తెలుసో లేదో.

"కొలిచావా లేదా?" వసారా మెట్టు మీద కూర్చున్న తల్లి అక్కణ్ణుంచే అడిగింది. ఒళ్ళో గడ్డి కోసే మిషన్ బ్లేడు, చేతిలో ఆకురాయి. ఆ ఇంట్లో బ్లేళ్ళు సానపట్టేది ఆవిడే. కొంప మునుగుతున్నా చేతిలో పని ఆపే మనిషి కాదు.

"కొలిచానమ్మా," అన్నాడు గీతలాయన కిటికీలోంచి. "గేటు నాలుగు కోతలు. బండి మూడున్నర."

ఆ ఇంట్లో కొలతంటే కోతే. మిషన్ ఒకసారి నడిచిన వెడల్పు ఒక కోత. మంచం మూడు కోతలు, బీరువా రెండు కోతలు. టేపు ఒకటి గోడకు మేకుకి వేలాడుతూ ఉంటుంది గానీ దాని ముఖం ఎవరూ చూడరు.

కోడలు బండి ముందు నిలబడి రెండు క్షణాలు ఆలోచించింది.

"బండిని ఎలా కొలిచారు?"

"ఎలా ఏంటి? షాపులో మిషన్ పక్కన పెట్టి, అంచుకి అంచు ఆనించి జరుపుకుంటూ కొలిచాను."

"గేటుని?"

గీతలాయన సమాధానం చెప్పబోయి ఆగాడు.

గేటు నుంచి గుమ్మం దాకా, గేటంత వెడల్పున, పచ్చిక ఉంది. దాన్ని అతను వారం వారం నాలుగు కోతల్లో కోస్తాడు. కానీ కోసేటప్పుడు ప్రతి కోతా ముందు కోత మీదికి అరచెయ్యంత ఎక్కుతుంది. ఎక్కకపోతే మధ్యలో గడ్డి మీసంలా మిగిలిపోతుంది. అంటే గేటుకున్న నాలుగు కోతలూ కుదించిన కోతలు. బండికున్నవి నిండు కోతలు. ఈ తప్పు చెయ్యాలంటే పాతికేళ్ళు పచ్చిక కోసిన మనిషే కావాలి, ఇంకొకడికి సాధ్యం కాదు.

వీధి వైపు, బండి తోక దగ్గర, తమ్ముడు పకపకా నవ్వాడు. "అన్నయ్యా, పోనీ స్తంభాలు కూడా ఓ కోత కోసేద్దామా?"

"నువ్వు నోరు ముయ్యి," అంది వదిన. "ఇవాళ ఆయన్ని వెంటపెట్టుకుని షాపుకి వెళ్ళింది నువ్వు. ఈ ఏనుగుని ఇంటికి తోలుకొచ్చింది నువ్వు."

"నేనా? నేను తోడు వెళ్ళానంతే వదినా! అన్నయ్యే నేరుగా దీని దగ్గరికి నడిచాడు. చిన్న బండి వంక చూడనైనా లేదు."

ఆమె బండి ముక్కు దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

చిన్న బండి ఆమెది. అలాగని అతనే అన్నాడు. "కొత్త బండి వస్తే నీదే. సగం ఇళ్ళు నువ్వు చూసుకో, సగం నేను చూసుకుంటా." ఆ మాట నమ్మి ఆమె డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. షాపులో ఆ చిన్న బండి ఎక్కి కూర్చుని సీటు తన కాళ్ళకి సరిపోయేలా ముందుకి జరుపుకుంది కూడా. కిందకి ఉన్న తొట్టి, వెనక వాలుగా దిగే రేకు బల్ల, దాని మీద నుంచి మిషన్‌ని ఒక్క చేత్తో తోసుకు దింపొచ్చు. తన ఇళ్ళు, తన దారి, తన బండి. పెళ్ళైనప్పట్నించీ అతని పక్క సీట్లో కూర్చుని గడ్డి సంచులు మోసిన మనిషి అది ఎంత కోరుకుందో ఆమెకే తెలుసు.

"మాట ఇచ్చారా లేదా?" ముందద్దంలోంచి అతన్నే చూస్తూ అడిగింది.

అతను స్టీరింగు వంక చూశాడు.

"మిమ్మల్నే. ఇచ్చారా లేదా?"

"ఇచ్చాను."

"మరి?"

అన్న బదులు తమ్ముడే వెనకనుంచి అందుకున్నాడు. "వదినా, ఎన్నాళ్ళని ఇళ్ళ ముందు పచ్చిక పట్టీలు గీక్కుంటాం? కాలేజీ మైదానాలు, ఆసుపత్రి మైదానాలు పట్టాలంటే కూర్చుని కోసే పెద్ద మిషన్ కావాలి. దాన్ని మొయ్యాలంటే ఈ బండే కావాలి. వెనక బల్ల చూశావా? మీట నొక్కితే నేల దాకా దిగుతుంది. మిషన్ ఎక్కించి మళ్ళీ నొక్కితే లిఫ్టులా పైకి లేస్తుంది."

"ఆ పెద్ద మిషన్ మన ఇళ్ళ పక్క సందుల్లో పడుతుందా? వాన పడ్డ మర్నాడు దాన్ని మెత్తటి నేల మీదికి ఎక్కిస్తే చక్రాల గాట్లు పడవా? ఆ గాట్లు పూడ్చడానికి మళ్ళీ నేనే పార పట్టుకుని వెళ్ళాలా?"

"అందుకే పెద్ద మైదానాలు అంటున్నా..."

"ఉన్న ఇళ్ళు వదిలేసి లేని మైదానాల కోసం బండి కొంటామా?"

"మీ ఇద్దరూ అరుచుకోండి," అంది అత్తగారు తీరిగ్గా. "పాత బండి లోపల ఇరుక్కుంది. మిషన్లన్నీ అందులోనే ఉన్నాయి. రేపు బడిలో ఆటల పోటీలు. ఆ మైదానం ఇవాళ కోయకపోతే కొత్త బండీ అక్కర్లేదు, పాత బండీ అక్కర్లేదు."

ఆకురాయి బ్లేడు మీద కరకరమంటూ నడిచింది.

అప్పుడు తట్టింది కోడలికి. ఇంత గొడవ దేనికి? బండి వెనక్కి తీస్తే సరిపోయె. వచ్చిన దారే కదా. తిన్నగా ఓ బండి పొడవు వెనక్కి పోతే వీధిలో పడుతుంది. కళ్ళు మూసుకుని మైదానానికి నిలువునా గీత గీసే మనిషి అలా చేతులు ముడుచుకుని ఎందుకు కూర్చున్నాడు?

"వెనక్కి తియ్యరేం?" అంది, ఈసారి గొంతు తగ్గించి.

"తీస్తా. తీస్తున్నా."

అతను తాళం మీద చెయ్యి వేశాడు. వేసి, తల వంచి ఆ చేతి వంక చూశాడు. వేళ్ళు తాళాన్ని పట్టుకున్నాయో లేదో చూసుకుంటున్నాడు. పట్టుకోలేదు. ఎడమ చెయ్యి తెచ్చి కుడి చేతి వేళ్ళని ఒక్కొక్కటిగా తాళం చుట్టూ మడిచి పెట్టాడు. తిప్పాడు. చెయ్యి జారింది. మోచెయ్యి వెళ్ళి హారన్‌కి తగిలింది.



తమ్ముడు మళ్ళీ నవ్వాడు. ఆమెకు మాత్రం నవ్వెవరిదో, హారన్ ఎవరిదో తెలియలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పిట్టగోడ ఎక్కి వీధిలోకి దూకింది.

"ఏమైంది వదినా?"

"తొట్టి ఎక్కాలి. ఆ వెనక కిటికీ అద్దం పక్కకి జరుగుతుంది కదా?"

"నేను వెళ్తాలే. డ్రైవింగు నాకు..."

అతను తొట్టిలోకి ఎక్కి, అద్దం జరిపి, తల దూర్చాడు. తల వెళ్ళింది. భుజాలు వెళ్ళలేదు. వెనక్కి లాక్కోబోతే చెవులు అడ్డం పడ్డాయి. పొద్దున్నే రెండోసారి ఆ ఇంటి మగవాడు ఒకడు ఒక సందులో ఇరుక్కున్నాడు. వదిన నడుం పట్టుకుని లాగితే ఊడి వచ్చాడు, చెవులు కందగడ్డలై.

"కొలుచుకున్నావా?" అంది ఆమె. ఉక్రోషంలో కూడా అడక్కుండా ఉండలేకపోయింది.

పల్చటి మనిషి. ఒడుపుగా కిటికీలోంచి దూరి పక్క సీట్లోకి జారింది. అద్దం వెనక్కి జరిపి మూసేసింది. బయట మరిది ఏదో అంటున్నాడు గానీ వినపడలేదు.

కొత్త సీటు ప్లాస్టిక్ వాసన. అద్దం అవతల వసారాలో అత్తగారు బ్లేడుని తడి గుడ్డతో తుడుస్తోంది.

"ఎప్పట్నించి?" అంది ఆమె.

"ఏంటి?"

"నేను చూశానండీ."

అతను చేతిని తొడ కిందకి దాచుకోబోయి, దాచుకోవడం ఎందుకనుకున్నాడేమో, ఒళ్ళోనే ఉంచేశాడు.

"మొదట తిమ్మిరనుకున్నా. మిషన్ దించాక కాసేపటికి పోయేది. చలి మొదలయ్యాక పోవడం మానేసింది. పొద్దున్నే వేళ్ళు తెల్లగా పాలిపోతాయి, సుద్దముక్కల్లా. చొక్కా బొత్తాం చూసి పెట్టుకుంటున్నాను."

"డాక్టరు దగ్గరికి?"

"వెళ్ళాను. ఇన్నేళ్ళ అదురుకి నరాలు దెబ్బతిన్నాయన్నాడు. హ్యాండిలు పట్టుకునే మిషన్ ఏదీ ముట్టుకోవద్దన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ముట్టుకోనివ్వవు."

అది నిజమే. నిజమైనందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

"అందుకే ఈ బండి," అన్నాడతను. ఇప్పుడు ఆపితే మళ్ళీ చెప్పలేనేమోనన్నట్టు గబగబా చెప్పాడు. "ఎత్తే పని లేదు, మీట నొక్కితే చాలు. మిషన్ మీద కూర్చుంటే చాలు, తోసే పని లేదు. సీటు కూడా మెత్తగా ఉంది. చిన్న బండి కొంటే అన్నీ నడిచి తోసే మిషన్లే కదా. అందులో నువ్వుంటావు. నేనెక్కడుంటాను? ఇంటి దగ్గర కూర్చుని అమ్మతో పాటు బ్లేళ్ళు తుడుచుకోవాలా?"

ఆమెకు విషయం మొత్తం అర్థమైంది. చిన్న బండిలో ఆమెకు చోటుంది. పెద్ద బండిలో అతనికి చోటుంది. రెండూ కొనే స్తోమత లేదు. అతను తన చోటు చూసుకున్నాడు, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా. జాలి ముంచుకొచ్చింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"కూర్చుని కోసే మిషన్‌కి స్టీరింగు ఉండదా?" అంది.

"ఉంటుంది."

"అది అదరదా?"

గీతలాయన సీట్లో వెనక్కి జారగిలబడ్డాడు. ఉన్నట్టుండి చాలా అలిసిపోయినట్టు కనిపించాడు.

"మాట తప్పానే," అన్నాడు చివరికి. "నీ బండి లాక్కున్నాను. తెలిసే చేశాను. పని లేకుండా బతకడం నాకు చేతకాదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "జరగండి."

"ఏంటి?"

"సీటు మారదాం. జరగండి ముందు."

ఆ కాస్త చోట్లో ఇద్దరు మనుషులు సీట్లు మారడం అంటే మాటలు కాదు. ఒకరి మోకాలు ఇంకొకరి డొక్కలో. హారన్ మళ్ళీ మోగింది. వసారాలోంచి అత్తగారు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏం చేస్తున్నార్రా లోపల?"

ఆమె కాళ్ళు క్లచ్‌కి అందలేదు. అతను తన కాళ్ళ దగ్గరున్న ఖాళీ గడ్డి సంచి మడిచి ఆమె వీపు వెనక పెట్టాడు, ఎడమ చేత్తో. ఇప్పుడు అందాయి.

"పక్క అద్దాలు మడిచి ఉన్నాయి, తొట్టి బల్ల అడ్డం. వెనక ఏం కనపడదు," అన్నాడు. "వెనక్కి చూడకు. ముందు చూడు. ముక్కు తిన్నగా ఉంటే తోక తిన్నగానే ఉంటుంది. ఆ పచ్చిక మీద నా గీత ఉందిగా, గేటు మధ్య నుంచి గుమ్మం మధ్యకి. దాని మీద నుంచి చూపు తియ్యకు. అది పట్టుకుని తీసెయ్యి."

ఆమె గీత వంక చూసింది.

పచ్చిక మీద లేత చార, ముదురు చార, మధ్యలో గీత. గేటు దగ్గర తిన్నగానే మొదలైంది. సగం దూరం వెళ్ళాక ఎడమకి ఒరిగింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మెట్టు మధ్యకి కాక దాని మూలకి చేరింది. వారం రోజులుగా అందరూ దాని మీద నుంచే తిరుగుతున్నారు, ఎవరూ చూడలేదు. అతను కూడా చూడలేదు. అది తిన్నగానే ఉందనుకుంటున్నాడు.

"సరే," అంది. చూపు మాత్రం గీత మీద నుంచి తీసి, గుమ్మం ద్వారబంధం మీద పెట్టుకుంది.

బండి గుర్రుమంది. క్లచ్ కొంచెం కొంచెంగా వదిలింది. వెనక మరిది "రానీ, రానీ, రానీ" అంటూ తొట్టి మీద చరుస్తున్నాడు. స్తంభం కిటికీ పక్కనుంచి నెమ్మదిగా ముందుకి జరిగింది. సున్నం పెళ్ళలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత దగ్గరగా. అన్నేళ్ళలో మొదటిసారి అతను పక్క సీట్లో కూర్చుని ఊరుకున్నాడు.

బండి ముక్కు గేటు దాటి వీధిలోకి వచ్చింది. ఆమె బ్రేకు తొక్కి, ఇంజిను ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించుకుంది. ఇంత పెద్ద బండిని తను తోలింది. ఆ సంతోషం వచ్చిందని తనమీద తనకే కోపం వచ్చింది.

"గీత పడలేదు!" మరిది ఇటూ అటూ పరిగెత్తి చూసి అరిచాడు. "ఒక్కటీ పడలేదు! వదినా, నువ్వు మామూలుదానివి కాదు! ఇక చిన్న బండి ఎందుకు, నువ్వే తోలచ్చు దీన్ని!"

"దిగండి," అందామె భర్తతో.

ఇద్దరూ చెరో వైపు దిగారు. అతను మామూలుగా నడిచాడు, మామూలుగా నవ్వాడు. లోపలికి వెళ్ళి పాత బండి తొట్టి తలుపు తీసి, అలవాటు ప్రకారం మిషన్ హ్యాండిలు వైపు చెయ్యి చాచాడు. "పదండి, బడి మైదానం ఎండెక్కక ముందే..."

"ఆగు," అంది తల్లి.

ఆవిడ మెట్టు మీద నుంచి లేచి వచ్చింది. ఆకురాయి ఎక్కడ పెట్టిందో గానీ చేతిలో తడి గుడ్డ ఒక్కటే ఉంది.

"ఇది చూడు."

గుడ్డ మీద గోధుమరంగు మరక.

"తుప్పేమో అమ్మా."

"ఇన్నేళ్ళుగా సానపడుతున్నాను, తుప్పుకీ నెత్తురుకీ తేడా తెలీదనుకున్నావా? చలి మొదలైనప్పట్నించీ నువ్వు విప్పి తెచ్చే బ్లేడు బ్లేడుకీ నెత్తురే. వేలు తెగినప్పుడు ఒక్కసారైనా 'అమ్మా' అని అరుస్తావేమోనని ఇక్కడ కూర్చుని చెవులు రిక్కించుకుని విన్నాను. అరవలేదురా నువ్వు. ఒక్కసారి కూడా అరవలేదు."

మరిది మొహంలో నవ్వు ఆరిపోయింది. అన్నని చూశాడు, వదినని చూశాడు. వదిన తల దించుకుంది.

క్యాబిన్‌లో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆమె వెళ్ళి తీసి చూసింది. షాపువాడు. ఏ బండి ఉంచుకుంటారో అడగడానికే. ఆమె దాన్ని అరచేతిలో పట్టుకుని నిలబడిపోయింది. అది మోగుతూనే ఉంది.

"చెయ్యి చూపించు," అంది తల్లి.

గీతలాయన మిషన్ పక్కన నిలబడి, నవ్వు చెరగకుండా, ఎడమ చెయ్యి చాచాడు.

"అది కాదు నాన్నా," అంది తల్లి. "రెండోది."